బండితో పాటు లెక్కనూ ఇద్దాం



ఇంటిపెద్దను కోల్పోయిన కుటుంబానికి వంటపాత్రలు, పనిలేని యువకునికి బిర్యానీ బండి, ఇంట్లోనే సేమియా, పచ్చళ్లు చేసి అమ్మే సోదరికి గ్రైండరు. స్వయం ఉపాధికి మనం చేసే సాయం ఎక్కువగా ఇలాగే ఉంటుంది. అయితే వంట బాగున్నా కొన్ని బండ్లు మధ్యలోనే ఆగిపోతాయి. సరుకు కొనే దగ్గరే డబ్బు జారిపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

చిన్న వ్యాపారి రోజూ అంచనా మీద కొంటాడు. ఎక్కువ కొంటే పాడవుతుంది. తక్కువ కొంటే మధ్యలో పక్క కొట్టుకు పరుగెత్తి చిల్లర ధర ఇవ్వాలి. ఇలా రోజుకు 300 రూపాయలు పోతాయనుకుందాం. నెలకు 9,000. మనం ఇచ్చిన 50,000 రూపాయల పెట్టుబడి ఆరు నెలల్లో కరిగిపోతుంది.

డిజిటల్ సప్లయి చైన్ అన్న మాట పెద్దదిగా వినిపించినా, బండి స్థాయిలో దాని అర్థం చిన్నదే. సరుకు ఎవరి దగ్గర, ఏ రోజు, ఏ ధరకు కొన్నామో, ఎంత వాడామో, ఎంత మిగిలిందో ఫోనులో ఉండటమే. ఆర్డరు నోటిమాటగా కాక వాట్సాప్‌లో పంపితే తేదీతో సహా నిలుస్తుంది. సరుకు రాగానే తూకం చూసి బిల్లు ఫొటో తీయాలి. రాత్రి మిగులును రాయాలి. డబ్బు యూపీఐలో చెల్లిస్తే చెల్లింపు లెక్క దానంతటదే ఉంటుంది. నెల రోజులు ఇలా చేస్తే శుక్రవారం ఎంత బియ్యం పోయాలో, మంగళవారం ఎంత తగ్గించాలో అంకెలే చెబుతాయి.

రంజాన్‌లో హలీం అమ్మేవారికి ఇది మరింత అవసరం. నెల 29 రోజులా, 30 రోజులా అన్నది నెలవంకను బట్టి తేలుతుంది. 29వ సాయంత్రం చంద్రుడు కనిపిస్తే మర్నాటి కోసం తెచ్చిన మాంసం ఏం కావాలి? నిరుటి లెక్క చేతిలో ఉన్నవాడు చివరి రెండు రోజుల ఆర్డరును చిన్న భాగాలుగా ఇస్తాడు.

హలాల్‌తో పాటు పరిశుద్ధమైనదే తినాలని మన ధర్మం చెబుతుంది. మాంసం, నూనె ఎక్కడి నుంచి వచ్చాయని గ్రాహకుడు అడిగితే చూపడానికి బిల్లు ఉండాలి. 2022 జనవరి 1 నుంచి ఆహార వ్యాపారుల బిల్లులపై 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు తప్పనిసరి. బాగా చిన్న వ్యాపారులకు లైసెన్సు బదులు రిజిస్ట్రేషన్ చాలు. ఇంట్లో పచ్చళ్లు చేసి అమ్మే సోదరీమణులకూ అది అవసరమే.

జాగ్రత్తలూ ఉన్నాయి. కొన్ని యాప్‌లు సరుకుతో పాటు అప్పూ ఇస్తామంటాయి. ఆలస్య రుసుం, ప్రాసెసింగ్ చార్జీ అన్న పేర్లతో వడ్డీ అందులో దాక్కుని ఉండవచ్చు. ఒప్పుకునే ముందు చదివి చెప్పేవారు పక్కన ఉండాలి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎన్నడూ అక్కరలేదన్న సంగతి ప్రతి బండి దగ్గరా చెప్పాలి.

అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవాలన్న ఆదేశం దివ్య ఖుర్ఆన్‌లో అల్ బఖరా సూరా 282వ ఆయతులో ఉంది. ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతు అదే. లెక్క రాయడం మనకు ధర్మం ఎప్పుడో నేర్పిన పని. ఇప్పుడు పుస్తకం స్థానంలోకి ఫోను వచ్చిందంతే.

కాబట్టి దాతలకు మా మనవి మూడు మాటలు. కర్జె హసన్ ఇచ్చేటప్పుడు వారానికోసారి లెక్క చూసే ఏర్పాటుకూ కొంత కేటాయించండి. మీలో హోల్‌సేల్ వ్యాపారులు ఉంటే చిన్న బండ్లవారికీ పక్కా బిల్లు ఇవ్వండి. ఫోను బాగా తెలిసిన మీ పిల్లలను వారానికి రెండు గంటలు ఈ సేవకు పంపండి. ఎవరి లెక్క వారి చేతిలో ఉన్నప్పుడు, ఈ ఏడాది సాయం అందుకున్నవారు మరో ఏడాది ఇచ్చేవారి వరుసలో నిలబడగలరు.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, వారి సంపాదనలో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.