వార్తల్లో పదం: జీవిత పన్ను

బండి కొన్నప్పుడే రాష్ట్రానికి ఒక్కసారిగా కట్టే పన్ను ఇది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 సవరణతో, రూ.50 వేలు దాటిన బైకుకు ధరలో 12 శాతం. అంటే లక్ష రూపాయల బండికి 12 వేలు. కర్నూలు, కడపల్లో వాన మీద ఆధారపడిన రైతుకు అది విత్తనాల ఖర్చు.

అందుకే విద్యుత్ బండ్లకిచ్చే మినహాయింపు నాకు పెద్ద మేలనిపిస్తుంది. తెలంగాణ 2024 నవంబరులో వాటిపై రోడ్డు పన్ను పూర్తిగా ఎత్తేసింది, 2026 డిసెంబరు 31 దాకా.

చిక్కల్లా తుంగభద్ర వంతెన దగ్గరే. ఇవతల కర్నూలు, అవతల తెలంగాణలోని అలంపురం. అక్కడ రిజిస్టరైన బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. అప్పుడు చెల్లేది ఈ రాష్ట్ర నిబంధనే. పన్ను పడితే, గడువు దాటాక జరిమానా కూడా. కొనేముందే రవాణా కార్యాలయంలో అడగండి.