ఆఖరి మాట... కాగితం మీద!

పెళ్లయి మూడు నెలలైనా నిండలేదు. పాముకాటుకు భర్త చనిపోయాడు. అత్తింటివాళ్లు ఆ అమ్మాయిని ఇంట్లోంచి వెళ్లగొట్టారు. కట్టుబట్టలతో పుట్టింటికి చేరింది. అమ్మానాన్నల అండతో చదువుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది, తన కాళ్లమీద తను నిలబడింది. జీతంలోంచి కూడబెట్టిన డబ్బు బ్యాంకుల్లో ఉంది. ప్రావిడెంట్ ఫండ్ ఉంది. పెళ్లి జరిగింది 1955లో. ఆమె కన్నుమూసింది 1996లో. ఈ నలభై ఏళ్లలో అత్తింటివాళ్లు ఆమెకు చేసిన సాయం ఏమీ లేదు.

మరి ఆ డబ్బు ఎవరికి?

కన్నతల్లి 'నాకే' అంది. ఎప్పుడో పోయిన భర్త తోబుట్టువు కొడుకులు 'కాదు, మాకే' అన్నారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో తీర్పు వచ్చింది... మేనల్లుళ్లకే! ఇది మనసు కలుక్కుమనే కేసే కానీ, సానుభూతితో చట్టాన్ని మార్చలేమని న్యాయస్థానం తేల్చేసింది.

ఆమె ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి ఉంటే ఈ కథ ఇలా ముగిసేది కాదు. ఆ కాగితం పేరే వీలునామా.

రాయకపోతే చట్టమే రాస్తుంది

'మా పిల్లలు బంగారం. మా ఇంట్లో గొడవలెందుకొస్తాయి' అని చాలామంది అనుకుంటారు. పెద్దకర్మ పూర్తయి, చుట్టాలు బస్సెక్కాక అసలు మాటలు బయటికొస్తాయి. వీలునామా లేనప్పుడు పోయినవారి మనసులో ఏముందో ఎవరికీ అక్కర్లేదు. చట్టంలో ఉన్న వరసే లెక్క.

హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం, మగవాడు వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ, తల్లికీ సమానంగా చెందుతుంది. తండ్రికి మాత్రం ఈ మొదటి వరసలో చోటులేదు! బిడ్డ సంపాదన మీద తల్లితో పాటు తనకీ హక్కుంటుందనుకునే తండ్రులు ఈ సంగతి తెలిసి ఆశ్చర్యపోతుంటారు.

ఆడవాళ్ల విషయంలో లెక్క వేరు. ముందు కొడుకులు, కూతుళ్లు, భర్త. వాళ్లెవరూ లేకపోతే భర్త వారసులు. ఆ తరవాతే కన్న తల్లిదండ్రులు. పిల్లల్లేనప్పుడు అమ్మానాన్నల నుంచి సంక్రమించిన ఆస్తి పుట్టింటి వైపు వెళ్తుంది కానీ, సొంతంగా సంపాదించుకున్నది అత్తింటి వైపే పోతుంది. పైన చెప్పిన కేసులో జరిగింది ఇదే. అందుకే 2025 నవంబరులో సుప్రీంకోర్టు, మహిళలు... ముఖ్యంగా హిందూ మహిళలు ముందుగానే వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది.

పేరున్నవాళ్లూ దీనికి అతీతులు కారు. తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉంటూ 2016 డిసెంబరులో కన్నుమూసిన జయలలిత వీలునామా రాయలేదు. ఆమె అన్న పిల్లలు దీప, దీపక్‌లే వారసులని మద్రాసు హైకోర్టు 2020లో తేల్చింది. పోయెస్ గార్డెన్ ఇంటి తాళాలు వాళ్ల చేతికొచ్చేసరికి 2021 డిసెంబరు అయింది. అంటే అయిదేళ్లు!

ఉన్నా... అనుమానమే!

వీలునామా ఉంటే గొడవే లేదా అంటే, అదీ కాదు. ఫరీద్‌కోట్ మహారాజు హరీందర్ సింగ్ బ్రార్ 1989లో మరణించారు. 1982లో ఆయన రాశారంటూ ఓ వీలునామా బయటికొచ్చింది. కోటలూ రాజభవనాలతో సహా ఆస్తి అంతా ఒక ట్రస్టుకు చెందుతుందని అందులో ఉంది. తండ్రికి ఇష్టంలేని పెళ్లి చేసుకున్న పెద్దకూతురు అమృత్ కౌర్‌కు చిల్లిగవ్వ లేదు. ఆమె 1992లో కోర్టు మెట్లెక్కారు. 2013లో చండీగఢ్ న్యాయస్థానం ఆ వీలునామా బూటకమంది. 2020లో హైకోర్టు, 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ మాటే ఖాయం చేశాయి. పత్రికల అంచనా ప్రకారం ఆ ఆస్తి విలువ దాదాపు 20 వేల కోట్ల రూపాయలు. గెలవడానికి పట్టిన కాలం ముప్పై ఏళ్లు!

వీలునామాను ఎప్పుడు అనుమానించాలో సుప్రీంకోర్టు 1958లోనే ఒక తీర్పులో చెప్పింది. సంతకం వణికినట్టు, తేడాగా ఉందా? రాసేనాటికి ఆ మనిషి తెలివిలో ఉన్నాడా? దగ్గరివాళ్లను కారణం లేకుండా పక్కన పెట్టారా? ఎక్కువ లాభం పొందినవాళ్లే దగ్గరుండి రాయించారా? ఇలాంటి సందేహాలున్నప్పుడు వాటిని తీర్చాల్సిన బాధ్యత వీలునామా తెచ్చినవాళ్లదే.

నామినీ వారసుడు కాదు

ఇళ్లలో ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. 'బ్యాంకులో నా పేరే నామినీగా ఉంది కాబట్టి డబ్బు నాదే' అనుకుంటారు. బ్యాంకు ఆ డబ్బు నామినీ చేతికే ఇస్తుంది, నిజమే. కానీ ఆ తరవాత అది వారసులందరికీ చెందాల్సిందే. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలోనూ నామినీ సొంతదారు కాడని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బీమాలో మాత్రం 2015 సవరణ తరవాత తల్లిదండ్రులు, జీవితభాగస్వామి, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము సాధారణంగా వాళ్లకే దక్కుతుంది.

ఆడపిల్లకు పిత్రార్జితం

'కట్నం ఇచ్చి పంపాం కదా, ఇంకా వాటా ఏంటి' అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. నిజానికి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కిచ్చిన తొలి రాష్ట్రాల్లో మనదొకటి. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి తండ్రి తన స్వార్జితాన్ని ఎవరికైనా రాయొచ్చు. ఉమ్మడి ఆస్తిలో మాత్రం తన వాటా వరకే రాయగలడు.

ఎలా రాయాలి?

* స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. తెలుగులోనే రాసుకోవచ్చు.

* రాసినవారు సంతకమో వేలిముద్రో వేయాలి. అది చూసిన ఇద్దరు సాక్షులు ఆయన ఎదుటే సంతకాలు చేయాలి. రేపు కోర్టులో వీరిలో కనీసం ఒక్కరైనా వచ్చి చెప్పాల్సి ఉంటుంది. అందుకే వయసులో చిన్నవాళ్లనీ, ఆస్తి పొందనివాళ్లనీ సాక్షులుగా ఎంచుకోవడం మేలు.

* రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే బలం. అంతమాత్రాన ఎవరూ సవాలు చేయలేరని కాదు.

* సర్వే నంబర్లు, ఇంటి నంబర్లు, ఖాతాల వివరాలు తప్పుల్లేకుండా రాయాలి. ఎవరికైనా తక్కువిస్తే ఎందుకో ఒక ముక్క రాస్తే అనుమానానికి తావుండదు.

* బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చివరిగా రాసిందే చెల్లుతుంది. పాతవన్నీ రద్దయినట్టు అందులో రాయడం మరచిపోకూడదు.

* ముస్లింలు సాధారణంగా ఆస్తిలో మూడోవంతుకు మించి వీలునామా రాయలేరు. మించితే వారసుల అంగీకారం కావాలి. క్రైస్తవులు పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది. మళ్లీ రాసుకోవాల్సిందే.

వీలునామా మాటెత్తితేనే 'అపశకునం' అని నోరు మూయిస్తారు పెద్దలు. పిల్లలు అడిగితే 'అప్పుడే ఆస్తి మీద కన్నేశారు' అంటారు. అందుకే ఆ మాట పెద్దలే ముందు ఎత్తాలి. వంటింటి గోడ దగ్గర మొదలైన తగువు కోర్టు వాయిదాల దాకా వెళ్తే మిగిలేది ఆస్తి కాదు... మొహాలు చూసుకోని అన్నదమ్ములూ, రాఖీ కట్టని చెల్లెళ్లూ.

నలభై ఏళ్లు ఒంటరిగా కష్టపడిన ఆ కూతురికి, తన డబ్బు ఎవరికి చేరాలో తెలియకేం... తెలిసే ఉంటుంది. చెప్పే కాగితమే లేదు.