పందెపు పడవకు మూత బిగించడం

మన సభ్యుల పిల్లలు కొందరు ఈ మధ్య రేడియోతో నడిపే పందెపు పడవల మోజులో పడ్డారని వింటున్నాము. మా ఇంట్లోనూ అదే తంతు. క్రికెట్టు, సంగీతం క్లాసు, ట్యూషను పోగా మిగిలిన ఆదివారం మధ్యాహ్నం కాస్తా చెరువు గట్టున గడిచిపోతున్నది. తోటి తల్లిదండ్రులకు పనికివస్తుందేమోనని మాకు జరిగిన నష్టం గురించి నాలుగు మాటలు రాస్తున్నాము.

పోయిన జనవరిలో మా పడవ మునిగింది. మా అబ్బాయి ఏడాది పొడుగునా ఇంటింటికీ ప్రకటన కాగితాలు పంచి సంపాదించిన డబ్బంతా అందులో ఉన్నది. రెండో చుట్టు మలుపులో పైమూత గాలిలోకి లేచింది, ఒక్క అల లోపలికి వచ్చింది, పది లెక్కపెట్టే లోపల పడవ కనబడలేదు. మెల్‌బోర్న్ తూర్పు శివార్లలోని ఆ చెరువు ఒకప్పుడు ఇటుకల మట్టి తవ్విన గొయ్యి. లోతు ఎక్కువ. మూత మాత్రం తేలుతూ ఒడ్డుకు వచ్చింది. వాడు దాన్ని తుడిచి తన బల్లమీద పెట్టుకున్నాడు. మూడు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి కారణమూ ఉన్నది. మరలు ఎందుకురా, నాలుగు అయస్కాంతాలు చాలు, పైన టేపు అంటిద్దాం అన్నది మేమే.

పడవ లోపల బ్యాటరీలు, మోటారు, వేగాన్ని అదుపు చేసే సర్క్యూటు, రిసీవరు ఉంటాయి. ప్రతి పందేనికీ బ్యాటరీ మార్చాలి గనుక మూత చిటికెలో తెరుచుకోవాలి, పరుగులో మాత్రం కదలకూడదు. ఈ రెండు కోరికలకూ పొత్తు కుదర్చడమే చిక్కు. పెట్రోలు ఇంజను పడవలకైతే ఇంజను ఊపిరి పీల్చుకొనేందుకు మూతలో దారి కూడా వదలాలి. అది వేరే కథ.

అయస్కాంతాలను మేము ఎందుకు నమ్మామంటే, ఈ రోజుల్లో దొరికే నియోడిమియం బిళ్ళలు చేతితో లాగినా రావు. కాని ఆ పట్టు రెండు బిళ్ళలూ ఆనుకొని ఉన్నంతసేపే. మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఏర్పడితే చాలు, పట్టు చాలావరకు సడలిపోతుంది. మర వదులైనా కొంతసేపు పట్టుకొని వేళ్ళాడుతుంది. అయస్కాంతానికి ఆ మొహమాటం లేదు. పైగా ఉప్పునీటిలో తిరిగితే బిళ్ళపై పూత లేచి తుప్పు పడుతుంది.

ఆ మొదటి మిల్లీమీటరు ఎవరు లేపినట్టు? గాలి అనుకున్నాము. మా మూత పొడవు 30, వెడల్పు 15 సెంటీమీటర్లు. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ముందు అంచు కింద దూరిందంటే ఆ మూతను కిలోకు పైచిలుకు బరువుతో పైకి తోస్తుంది. వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలు. కాని మా అయస్కాంతాలు మూడు కిలోల దాకా ఓర్చుకొనేవి. లెక్క కుదరలేదు.

కుదిర్చింది మా ఇంటావిడ. “ఏమండీ, ఏసీ గదిలో కూర్చుని మూత వేసి, టేపులు అంటించి, కారు డిక్కీలో పెట్టుకొని పోయారు కదా. ఫ్రిజ్‌లో డబ్బా తీసి ఎండలో పెడితే మూత ఉబ్బదూ?” అన్నది. కాగితం తీసుకొని మళ్ళీ లెక్క వేశాము. గాలి చొరకుండా మూసిన గట్టి పెట్టెలో ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే అంతపాటి మూతమీద కిలోన్నర పైగా తోపు పడుతుంది. అంటే 72 కిలోమీటర్ల ఎదురుగాలి కంటె ఎక్కువ! నిజపు పడవలో ప్లాస్టిక్ కాస్త ఉబ్బి, టేపు సందుల్లో కొంత గాలి జారిపోతుంది కాబట్టి అంతా మూతమీద పడదు. అయినా జనవరి ఎండలో కారు డిక్కీలో పెరిగేది ఒక్క డిగ్రీ కాదు గదా. చెరువు చేరేసరికే టేపు అంచులు లేచి ఉంటాయి. మేము చూసుకోలేదు. గాలి చేసింది మిగిలిన పని మాత్రమే.

గాలిని తక్కువ చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు. వేగం పెరిగిన పడవకు ఎగరాలనే బుద్ధి పుడుతుంది. డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1964 డిసెంబరు 31న పశ్చిమ ఆస్ట్రేలియాలోని డంబుల్‌యంగ్ సరస్సుపై గంటకు 276 మైళ్ళ రికార్డు స్థాపించాడు. 1967 జనవరి 4న ఇంగ్లండులో అదే పడవ ముక్కు గాలిలోకి లేచి పల్టీకొట్టగా మరణించాడు. సిడ్నీలో తన పెరట్లో పడవ కట్టుకొన్న కెన్ వార్బీ 1978 అక్టోబరు 8న బ్లోవరింగ్ డ్యాము నీటిపై 317 మైళ్ళు దాటాడు. ఆ రికార్డును ఇంతవరకు ఎవరూ దాటలేదు. పెరట్లో కట్టినదన్న మాట మా అబ్బాయికి బాగా నచ్చింది.

ఇప్పుడు రెండో పడవ తయారైంది. డబ్బు ఈసారి మాది, పని వాడిది. మూత ముందు అంచున రెండు కర్ర పుల్లలు ముందుకు పొడుచుకొని ఉంటాయి. అవి డెక్కు కింది రంధ్రాల్లో దూరతాయి. ఇక ముందు అంచు కిందికి గాలి దూరదు. వెనక వేలితో తిప్పే మర ఒకటి, లోపల గట్టిగా అతికించిన నట్టులో బిగుస్తుంది. చుట్టూ అంచున మెత్తటి స్పాంజి రబ్బరు పట్టీ. మరను మరీ బిగిస్తే మూత మధ్యలో వంగి పక్కల నోళ్ళు తెరుస్తుంది. రబ్బరు సగం నలిగితే చాలు.

ఆపైన టేపు. తేమ లేకుండా తుడిచిన తరువాతే అంటించాలి, వేలిముద్రల జిడ్డున్నా పట్టదు. మన పెంకుటింటి కప్పు గుర్తు తెచ్చుకోండి. చూరు దగ్గర మొదలుపెట్టి పైవరుస కిందివరుసను కప్పేలా నేస్తారు, వాన సందులో దూరకుండా. పడవకు వాన ముందునుంచి వస్తుంది. కాబట్టి వెనక టేపు మొదట, పక్కలవి తరువాత, ముందుది అన్నిటికంటె చివర. ప్రతి టేపు కొస కొద్దిగా మడిచిపెడితే తీసేటప్పుడు గోళ్ళు అరగవు.

అడుగు వెనక నీళ్ళు వంపే చిన్న బిరడా ఉంటుంది. అన్నిటికన్నా ఆఖరున, నీటి ఒడ్డున, దాన్ని పెడుతున్నాము. అప్పటిదాకా లోపలి వేడిగాలికి బయటికి దారి ఉంటుంది. పరుగు ముగియగానే మళ్ళీ మొదట తీసేదీ అదే. లేకపోతే వేడెక్కిన పడవ చల్లటి నీటిలో నిలిచి, లోపలి గాలి ముడుచుకొని, సందుల్లోంచి నీటిని పీలుస్తుంది.

ఇన్నీ చేసినా ముక్కులోను, పక్కలలోను ఈత కొలనుల్లో పిల్లలు పట్టుకొనే స్పాంజి గొట్టం ముక్కలు కుక్కాము. మూత ఊడినా పడవ తేలాలి. స్నానాల తొట్టిలో మూత తీసి నీళ్ళు నింపి చూశాము. ముక్కు పైకి పెట్టుకొని తేలింది.

వెనక మర గడ్డిలో పడితే దొరకదు. మా అబ్బాయి దానికి ఎర్రదారం కట్టి కొసను పడవకే ముడివేశాడు. పాత మూత ఇంకా వాడి బల్లమీదే ఉన్నది.