ద్రావణి – వర్ణం

‘ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారు’ అని సామెత. మనుషులను గురించి పుట్టిన ఈ మాట రసాయన లోకంలోనూ కొంతవరకు సార్థకమవుతుంది. కొన్ని కర్బన సమ్మేళనాలు తాము కరిగిన ద్రవాన్ని బట్టి రంగు మార్చుకుంటాయి. అయితే సమ్మేళనం వేరొకటిగా మారదు. ద్రావణిని ఆవిరి చేస్తే మొదటి పదార్థమే మిగులుతుంది.

జర్మనీలోని మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డిమ్రోత్, క్రిస్టియన్ రైకార్ట్ తమ సహచరులతో కలిసి ఇటువంటి ఒక రంజకాన్ని పరిశోధించి, 1963లో ఫలితాలను ప్రకటించారు. అది నేడు రైకార్ట్ రంజకమనే పేరుతో ప్రసిద్ధం. మిథనాల్‌లో కరిగిస్తే అది ఎర్రగాను, ఇథనాల్‌లో ఊదాగాను, అసిటోన్‌లో ఆకుపచ్చగాను కనిపిస్తుంది.

ఈ వైచిత్రికి కారణమేమిటి? అణువు కాంతిని శోషించినప్పుడు అందులోని ఎలక్ట్రాన్ భూస్థితి నుండి ఉత్తేజిత స్థితికి చేరుతుంది. ఆ రెండు స్థితుల మధ్య గల శక్తి భేదానికి సరిపడే తరంగదైర్ఘ్యం వద్దనే శోషణ గరిష్ఠంగా ఉంటుంది. శోషణ తరువాత మిగిలిన కాంతి మన కంటికి రంగుగా తోస్తుంది.

రైకార్ట్ రంజకపు అణువులో భూస్థితియందు ధనావేశం, ఋణావేశం స్పష్టంగా వేరుపడి ఉంటాయి. ఉత్తేజిత స్థితిలో ఆ ఎడబాటు తగ్గుతుంది. నీరు, మిథనాల్ వంటి ధ్రువ ద్రావణుల అణువులు ఆ ఆవేశాల చుట్టూ చేరి భూస్థితికి అధిక స్థిరత్వాన్ని చేకూరుస్తాయి. ఫలితంగా భూస్థితి శక్తి తగ్గి, రెండు స్థితుల మధ్య అంతరం పెరుగుతుంది. అంతరం పెరిగినకొద్దీ శోషించే కాంతి తరంగదైర్ఘ్యం తగ్గుతుంది. అందువల్లనే ఈ రంజకపు శోషణ గరిష్ఠం డైఫినైల్ ఈథర్‌లో సుమారు 810 నానోమీటర్లు, అసిటోన్‌లో 677, మిథనాల్‌లో 515, నీటిలో 453 నానోమీటర్ల వద్ద ఉంటుంది.

అన్ని సమ్మేళనాలూ ఇదే దారిలో నడవవు. పారా నైట్రోఅనిలీన్‌లో ఉత్తేజిత స్థితికే ధ్రువత ఎక్కువ. కాబట్టి ధ్రువ ద్రావణిలో దాని శక్తి అంతరం తగ్గి, శోషణ దీర్ఘ తరంగదైర్ఘ్యాల వైపు జరుగుతుంది.

ఈ మార్పు శాస్త్రజ్ఞులకు ఒక సాధనమైంది. రైకార్ట్ రంజకం ఏ తరంగదైర్ఘ్యం వద్ద కాంతిని శోషిస్తుందో చూసి, ద్రావణి ధ్రువతను అంచనా వేస్తారు. అదే మార్పు ఒక హెచ్చరిక కూడా. శోషణ వర్ణపటంతో పదార్థాన్ని గుర్తించేవారు ద్రావణిని విస్మరిస్తే, ఒకే పదార్థాన్ని రెండుగా భ్రమించే ప్రమాదముంది. ద్రావణి పేరు లేని శోషణ విలువ ఊరి పేరు లేని చిరునామా వంటిది.