ఎర్రాకుల నీటిమొక్క

ఆకు అనగానే మీకు ఆకుపచ్చ రంగే గుర్తుకు వస్తుంది. కాని, చేపల తొట్టిలో ఎర్రని ఆకులతో నిటారుగా పెరిగే మొక్కలను మీలో కొందరు చూసే ఉంటారు. వాటిలో ఒకటి దక్షిణ అమెరికాకు చెందిన ఆల్టర్నాంథెరా రైనెకీ. పేరు నోరు తిరగకపోతే బెంగపడకండి. అది మన పొన్నగంటి కూరకు దగ్గర చుట్టమే!

ఆకులో పత్రహరితం ఉంటేనే కదా మొక్క వెలుగును పట్టి ఆహారం తయారుచేసుకునేది? మరి ఈ ఎర్రమొక్క ఎలా బతుకుతున్నది? దీనికి జవాబు మీ వంటింట్లోనే దొరుకుతుంది. ఎర్ర తోటకూర ఆకును మరిగే నీళ్లలో వేయమని అమ్మను అడగండి. కాసేపటికి నీళ్లు ఎర్రబడతాయి, ఆకులో దాగి ఉన్న ఆకుపచ్చ బయటపడుతుంది! ఎరుపు నీటిలో కరుగుతుంది, పత్రహరితం కరగదు. తోటకూర, బీటు దుంప, మన నీటిమొక్క ఒకే కుటుంబానివి. మూడింటి ఎరుపూ ఒకే జాతి రంగు.

వెలుగు తీవ్రంగా పడినప్పుడు ఈ ఎరుపు ఆకుకు గొడుగులా పనిచేస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. వెలుగు తగ్గితే గొడుగుతో పనేమున్నది? అందుకే దుకాణంలో ఎర్రగా మెరిసిన మొక్క, మన ఇంట చీకటి మూల పెడితే, ఆకుపచ్చ చిగుళ్లు వేస్తుంది. రంగు పూసి అమ్మాడని దుకాణదారును తిట్టుకోకండి. దీపం కాంతి పెంచండి. రోజుకు 8 గంటలు చాలు. అంతకు మించితే మొక్క కంటే ముందు నాచు సంతోషిస్తుంది.

వెలుగొక్కటే చాలదు. బొగ్గుపులుసు వాయువు గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందుచేత కొందరు ఆ వాయువును సన్నని బుడగలుగా తొట్టిలోకి వదులుతారు. మోతాదు మించితే చేపలు ఊపిరాడక పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి, చచ్చిపోతాయి కూడా. ఆ పని పెద్దలకే వదలండి.

కాడ పొడుగైతే కింది ఆకులు నీడపడి రాలిపోతాయి. అప్పుడు పైనుంచి బెత్తెడు ముక్కను కణుపుకు దిగువగా కత్తిరించి, అడుగు ఆకులు తీసివేసి, ఇసుకలో గుచ్చండి. కొద్ది రోజులలో కణుపుల వద్ద తెల్లని వేళ్లు వస్తాయి. పాత మోడు కూడా పక్కచిగుళ్లు వేస్తుంది.

మిగిలిన ముక్కలను చెరువులోనో కాలువలోనో పారవేయకండి. మన చెరువులను కప్పివేసే గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి అందమైన పూలమొక్కగానే వచ్చింది. ఆ ముక్కలను బాగా ఎండబెట్టి పెంటకుప్పలో వేయండి.