తాత పేరు కాదు, సర్వే నంబరు అడగండి

"వంశచరిత్రకు మన దగ్గర ఆధారాలెక్కడివి? అవన్నీ తెల్లవాళ్లకుగాని" అనే మాట కృష్ణా డెల్టాలో చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వినిపిస్తుంది. ముత్తాత పేరు దగ్గర ఆగిపోయే కుటుంబాలే ఎక్కువ కాబట్టి అది నిజమేననిపిస్తుంది కూడా. అమెరికాలో జనాభా లెక్కల ఇంటింటి వివరాలను 72 ఏళ్ల తర్వాత బయటపెడతారు, బ్రిటన్‌లో నూరేళ్లకు. మనకు మద్రాసు రాజధానిలో 1871లోనే జనాభా లెక్కలు తీశారుగాని, అచ్చయి మిగిలినవి మొత్తాలు మాత్రమే. ఎవరింట్లో ఎవరున్నారో రాసిన కాగితాలను ఎవరికీ చూపకూడదని 1948 నాటి సెన్సస్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఆ దారి మూసి ఉన్నమాట నిజమే. అయితే ఒక దారి మూసి ఉందని ఊరికే దారి లేదనలేం. ఇక్కడి సర్కారు మనుషులకంటే మడిచెక్కను శ్రద్ధగా లెక్కపెట్టింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక ఏ చెక్క పల్లమో, ఏది మెట్టో, దేనికి ఎంత శిస్తో, అది కట్టాల్సిందెవరో తేల్చుకోవడం ఖజానాకు అవసరమైంది. మన పూర్వీకుల పేర్లు కాగితానికెక్కింది ఆ లెక్కలోనే. కాబట్టి మనిషిని పట్టుకోవాలంటే ముందు నేలను పట్టుకోవాలి.

పేరు చెబితే ఆఫీసులో తీసి ఇస్తారనుకోవడం మొదటి అపోహ. రెవెన్యూ రికార్డు ఊరి వారీగా, ఊళ్లో సర్వే నంబరు వారీగా నడుస్తుంది. దీనికి తల్లివేరు ఆర్.ఎస్.ఆర్., అంటే రీ-సెటిల్‌మెంట్ రిజిస్టరు. పాతతరం గుమస్తాలు డైగ్లాట్ అంటారు. పాత నంబరు, కొత్త నంబరు, సర్కారు భూమా ఇనామా, మెట్టా పల్లమా, నీటి ఆధారం, విస్తీర్ణం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు అందులో వరుసగా ఉంటాయి. తర్వాత ఏటా రాసిన అడంగల్లో ఆ చెక్కను ఎవరు సాగుచేశారో, ఏ పంట వేశారో తెలుస్తుంది. ఒకే పట్టాదారు భూములన్నీ ఒకచోట చూపేది 10(1) లెక్క. వీటిమీద సంవత్సరం ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1320 ఫసలీ అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ దాకా. అయితే చల్లపల్లి, నూజివీడు వంటి జమీందారీల కింద నడిచిన ఊళ్లకు పాత ఆర్.ఎస్.ఆర్. కోసం వెతకడం వృథా. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే అక్కడ రైత్వారీ సెటిల్‌మెంట్ జరిగింది. ఆ ఊళ్లకు ఆధారం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్.

దొరికినదాన్నల్లా నమ్మేయడం ఇంకో అపోహ. ఫలానా ఫసలీలో తాతగారి పేరుంది కాబట్టి అప్పటికి ఆయన బతికే ఉన్నారని తేల్చేస్తారు. మనిషి పోయినా కొడుకులు పట్టా మార్పించుకోకుండా శిస్తు కట్టుకుంటూ పోవడం మన ఊళ్లలో మామూలే. చనిపోయినవారి పేరు దశాబ్దాలపాటు అడంగల్లో అలాగే నిలిచిపోతుంది. అలాగే పేరు చివర "వగైరా" అని కనిపిస్తే ఒక్కడనుకోకూడదు. ఆ ఒక్క మాట వెనక ఉమ్మడిగా ఉన్న అన్నదమ్ములు, ఒక్కోసారి పెదనాన్న పిల్లలు కూడా దాగి ఉంటారు. ఈ లెక్కలు చెప్పేది శిస్తు ఎవరి పేరున వసూలైందన్నది మాత్రమే, చుట్టరికం వాటి పని కాదు.

చుట్టరికం చెప్పేవి దస్తావేజులు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అమ్మకాలు కొనుగోళ్ల చోటేనని మనవాళ్ల అభిప్రాయం. నిజానికి డెల్టా కుటుంబాల చరిత్ర అంత వివరంగా మరెక్కడా ఉండదు. రాయించినవారు ఎవరి కుమారుడో, ఎవరి భార్యో, ఏ ఊరి కాపురస్తుడో, జీవనాధారమేమిటో దస్తావేజు మొదట్లోనే ఉంటుంది. పంపకాల దస్తావేజులో అన్నదమ్ములందరూ వరుసగా కనబడతారు. వీలునామా, దత్తత పత్రం, దఖలు దస్తావేజు సంగతి చెప్పనే అక్కర్లేదు. చాలామంది చదవకుండా వదిలేసే హద్దుల భాగాన్ని నేనైతే ముందు చదవమంటాను. తూర్పు హద్దు, పడమటి హద్దు ఒకే ఇంటిపేరువాళ్ల భూములైతే, ఒకప్పటి పెద్ద చెక్క అన్నదమ్ముల మధ్య చీలిందేమోనని అనుమానించవచ్చు. పంపకాల కాగితం దొరికితే ఆ అనుమానం తీరుతుంది. ఆడవాళ్లు రికార్డుల్లో ఉండరన్న మాటకూ జవాబు ఇక్కడే ఉంది. పసుపు కుంకుమ కింద కూతురికి రాసిన ఎకరం, మైనరు కొడుకు తరఫున గార్డియనుగా సంతకమో వేలిముద్రో వేసిన తల్లి, మనోవర్తి కోసం భూమి రాయించుకున్న వితంతువు దస్తావేజుల్లో కనబడతారు. ఇతరుల కాగితాలు మనకెందుకు చూపిస్తారన్న సందేహం సహజం. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని, దాని సూచికను రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాల నకలు రాసినవారు పోయాక అడిగినవారికి ఇస్తారు. సూచికలు పేరు వారీగా ఒకటి, ఆస్తి వారీగా ఒకటి ఉంటాయి. పేరుతో వెతకడానికి వీలున్న చోటు ఇదొక్కటే అనుకోవచ్చు.

ఇంతవరకూ చెప్పిందంతా భూమి ఉన్నవాళ్ల కథేనని అభ్యంతరం రావచ్చు, అది బలమైనదే. సెంటు భూమి లేని కుటుంబాలకు పై కాగితాలు అంతగా పనికిరావు. కానీ వాళ్లకు ఏమీ లేదనడం తొందరపాటు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ గుళ్ల మాన్యాలతో, అగ్రహారాలతో ఆగలేదు. ఊరి సేవకు ఇచ్చిన మాన్యాల లెక్కా తీసింది. ఇనాం ఫెయిర్ రిజిస్టరులో మొదట మాన్యం పొందినవారి పేరు, అప్పటి అనుభవదారు, వారిద్దరి మధ్య వరస, వారసుల వివరం నమోదు చేశారు. రెవెన్యూ రికార్డుల్లో వంశవృక్షానికి అత్యంత దగ్గరిది ఇదే. క్రైస్తవంలోకి వెళ్లిన దళిత కుటుంబాలకు బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు ఉన్నాయి. మచిలీపట్నంలో చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) వారు 1841లో, గుంటూరులో లూథరన్ మిషనరీ హేయర్ 1842లో పని మొదలుపెట్టారు. చాలా భూకామందుల పట్టాలకంటే పాతవి ఆ పుస్తకాలు. ముస్లింలకు ఖాజీల నికా పుస్తకాలున్నాయి. బడి అడ్మిషన్ రిజిస్టరు ఏ కులంవారికైనా తండ్రి పేరు చెబుతుంది. ఇంకో విచిత్రం చూడండి. 1860లో ఒప్పంద కూలీల తొలి ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలో నటాల్ రేవైన డర్బన్ చేరింది. అలా వెళ్లినవారికి తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు నటాల్ జాబితాల్లో రాసిపెట్టారు. ఊళ్లో ఏ లెక్కకూ అందని మనిషి సముద్రం దాటగానే పూర్తి చిరునామాతో నమోదయ్యాడు.

కరణాలు పోవడంతో రికార్డులూ పోయాయన్నది మరో మాట. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు కొన్ని లెక్కలు ఇళ్ల అటకలమీదే ఉండిపోయాయి, చెదలకూ పోయాయి, కాదనలేం. 1977 దివిసీమ ఉప్పెన చేసిన నష్టమూ తక్కువ కాదు. కానీ ఆర్.ఎస్.ఆర్. వంటి శాశ్వత రిజిస్టర్లకు ప్రతులు ఊరికి పైనున్న ఆఫీసుల్లోనూ ఉండేవి. తహసీల్దారు దగ్గర లేదన్నంత మాత్రాన సర్వే శాఖలో, కలెక్టరేట్లో అడగడం మానకూడదు. దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే అపోహ, అంతా ఆన్‌లైన్ భూరికార్డుల సైటు మీభూమిలో ఉందన్నది. అందులో కనిపించేది ఇటీవలి అడంగలు, 1-బి (హక్కుల లెక్క). ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) కూడా మామూలుగా 1983 తర్వాతి లావాదేవీలకే. అంతకు ముందువాటికి చేత్తో రాసిన సంపుటాలే దిక్కు.

ఏ కలెక్టరేట్ అన్నది కూడా చిక్కే. విజయవాడ 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా, పాత కాగితాల్లో మాత్రం కృష్ణా జిల్లా బెజవాడ తాలూకా. తెనాలి, రేపల్లె 1904 దాకా కృష్ణా జిల్లావే. భీమవరం 1904 వరకు గోదావరి, 1925 వరకు కృష్ణా, ఆ తర్వాత పశ్చిమగోదావరి. కాలం తెలియకుండా జిల్లా చెబితే గుమస్తా చూపేది తప్పు బీరువా.

ఇంటిపేరు ఒకటైతే ఒకే వంశమన్న నమ్మకాన్ని నేను చివరికి నెట్టింది కావాలనే, ఎందుకంటే దాన్ని తేల్చేది కూడా ఈ కాగితాలే. ఎన్నో ఇంటిపేర్లు ఊళ్లనుంచి వచ్చినవి. ఒకే ఊరినుంచి కదిలిన వేర్వేరు కులాలవాళ్లకు ఒకే ఇంటిపేరు ఉండటం చూస్తూనే ఉన్నాం. గోత్రమైతే ఇంకా విశాలం. ఇద్దరి ముత్తాతలు ఒకే పంపకాల దస్తావేజులో కనిపిస్తే అది ఆధారం, ఇంటిపేరు కలవడం ఊహ మాత్రమే.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. ఏ పాత నంబరుకు ఏ కొత్త నంబరో తెలిసినవాళ్లు ఉండగానే మీ పొలం, మీ ఇంటి స్థలం పాత నంబర్లను రాసి పెట్టుకోండి. అమ్మేసిన భూమి నంబరైతే కొన్నవాళ్లనడిగి మరీ రాసుకోండి.