ఆ పిల్లాడికి ముప్పై ఐదు ఎలా వచ్చింది?

“కొత్త టీచరమ్మా?” అని నా పక్కనున్న అమ్మాయిని చూపించి అడిగింది, మనవరాలిని బడి గేటు దగ్గర దిగబెట్టడానికొచ్చిన ముసలమ్మ. “కాదమ్మా, పాఠం చెప్పడం నేర్చుకోడానికొచ్చింది” అన్నాను. “టీచరుకి నేర్చుకోడమేటి?” అంటూ ఆవిడ ఆ అమ్మాయిని ఎగాదిగా చూసింది.

ఈ అనుమానం ఆవిడ ఒక్కర్తిదే కాదు. బాగా చదువుకున్నవాళ్ళు కూడా పదో తరగతి లెక్కలు చెప్పడం కష్టమనీ, మూడో తరగతివి ఎవరైనా చెప్పేయొచ్చనీ అనుకుంటారు. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్ని (ఎస్జీటీ). మా బడికి టీచరు శిక్షణలో ఉన్న ఛాత్రోపాధ్యాయులు వచ్చినప్పుడు వాళ్ళకు మెంటర్ టీచర్‌ని కూడా. ఇప్పటికి చాలామందిని చూశాను. వాళ్ళలో ఈ అమ్మాయి టీచరుగా ఎలా తయారైందో చెప్తాను. పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రులందరికీ ఇది తెలియాలని నా కోరిక.

ఇంటర్మీడియట్ అయ్యాక డీసెట్ ప్రవేశపరీక్ష రాసి టీచర్ల శిక్షణ కోర్సయిన డీఎల్‌ఈడీలో చేరతారు. మా తరానికి అది టీటీసీ. 1986 జాతీయ విద్యావిధానం వచ్చాక జిల్లాల్లో విద్యాశిక్షణ సంస్థలు, అంటే డైట్‌లు వెలిశాయి. మాకు వమరవల్లిలో ఉంది, విజయనగరం వాళ్ళకు నెల్లిమర్లలో, విశాఖ వాళ్ళకు భీమునిపట్నంలో. కోర్సు రెండేళ్ళు. అందులో కనీసం 20 వారాలు నిజమైన బడిలో, నిజమైన పిల్లల మధ్య గడపాలని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనల్లో ఉంది. మొదట్లో కొన్నాళ్ళు వెనక కూర్చుని చూడటం, ఆ తర్వాత తరగతి చేతిలోకి తీసుకోవడం.

బడికి రాకముందు కాలేజీలో సూక్ష్మబోధన చేస్తారు. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన పద్ధతి అది. ప్రశ్నలు అడగడమో, నల్లబల్ల వాడకమో, ఏదో ఒక్క నైపుణ్యాన్ని తీసుకుని ఐదు పది నిమిషాలు చెప్పాలి. తోటి విద్యార్థులే పిల్లలుగా కూర్చుంటారు. లోపాలు చెప్పించుకుని, మళ్ళీ చెప్పాలి. మంచి సాధనే. కానీ ఇరవయ్యేళ్ళ మనిషి పిల్లాడిలా అల్లరి నటించగలడు గానీ పిల్లాడు చేసే తప్పు చేయలేడు. ఆ తప్పు చూడాలంటే బడికే రావాలి.

ఈ అమ్మాయి పాఠ్యపథకం చూస్తే ముచ్చటేసేది. అభ్యసన ఫలితాలు ఒక రంగు, ప్రేరణ ఇంకో రంగు, మూల్యాంకనం మరో రంగు. చార్టులు రాత్రి మేలుకుని తయారు చేసేది. మూడో తరగతిలో మొదటి పాఠం గబగబా చెప్పేసింది. ప్రతి రెండు నిమిషాలకీ “అర్థమైందా?” అని అడిగింది. పిల్లలు “అర్థమైందీ...” అని రాగం తీశారు. పాఠం అయ్యాక నా దగ్గరికొచ్చి, “మేడం, బాగా వచ్చిందా? భయం కనబడిందా?” అంది.

ఆ ప్రశ్న అడగని ఛాత్రోపాధ్యాయులు నాకు తగల్లేదు. అందులో తప్పూ లేదు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రాన్సెస్ ఫుల్లర్ 1969లోనే దీని గురించి రాసింది. బోధన మొదలుపెట్టినవాళ్ళ దిగుళ్ళన్నీ మొదట తమ చుట్టూనే తిరుగుతాయి: నేను నెగ్గుకు రాగలనా, పిల్లలు నా మాట వింటారా, వెనక కూర్చున్న మేడం ఏమనుకుంటున్నారు? తర్వాత దిగులు పని మీదికి మళ్ళుతుంది. పిల్లల మీదికి, వాళ్ళకేం ఒంటబడుతోందన్న దాని మీదికి మళ్ళడం చివర. అప్పటిదాకా తొందరపెట్టి లాభం లేదు. మెంటర్ చేయాల్సిందల్లా దారి చూపించడం.

అందుకే ఈ అమ్మాయి గొంతు గురించీ, నిలబడ్డ తీరు గురించీ నేనేం అనలేదు. “రేపు ‘అర్థమైందా’ అని అడక్కమ్మా. దాని బదులు ఒక లెక్క ఇచ్చి, ఎవరేం రాశారో పలకలు చూడు. ఇంకోటి, ప్రశ్న అడిగాక వెంటనే నువ్వే జవాబు చెప్పేయకు. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టు” అన్నాను.

మూడు అంకెలంటే చిన్న సంగతి కాదు. అమెరికాలో సైన్స్ బోధన మీద పనిచేసిన మేరీ బడ్ రో తరగతుల రికార్డింగులు విని, ప్రశ్న అడిగిన టీచరు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నట్టు కనిపెట్టింది. దాన్ని మూడు సెకన్లో, అంతకంటే ఎక్కువో చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు మాట్లాడారు, ‘తెలీదు’ అనేవాళ్ళు తగ్గారు. కాయితం మీద ఇది సులువు. ముప్పై కళ్ళు మన మీదే ఉన్నప్పుడు మూడు సెకన్ల నిశ్శబ్దం భరించడం కొత్త టీచరుకి ఎంత కష్టమో దగ్గరుండి చూస్తే తెలుస్తుంది. ఈ అమ్మాయి చేతివేళ్ళతో చాక్‌పీసు ముక్కలు ముక్కలుగా తుంచేసేది. కొన్నాళ్ళకు ఆ చేయి కుదురుకుంది. గోడవారన కూర్చునే ఒక పాప, అప్పటిదాకా గుంపులో గొంతు కలపడమే తప్ప విడిగా మాట్లాడని పాప, ఒకరోజు లేచి నిలబడి ఒక పూర్తి వాక్యం చెప్పింది.

ఇక తీసివేతల సంగతి. ఈ అమ్మాయి ఒకరోజు 52లోంచి 27 తీసేయమని ఇచ్చింది. తరగతిలో చాలామంది 35 రాశారు. ఆమె వరసగా ఇంటూలు పెట్టుకుంటూ వెళ్ళి, నల్లబల్ల మీద ‘పదుల స్థానం నుంచి ఒకటి అప్పు తీసుకోవాలి’ అని మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. పిల్లలు చక్కగా తలలూపారు. మర్నాడు 64లోంచి 38 ఇస్తే 34 రాశారు.

“ఇంతసేపు చెప్పాను మేడం” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఒక్కణ్ణి పిలిచి, ముప్పై ఐదు ఎలా వచ్చిందో అడుగు. తప్పని అనకు. ఊరికే విను” అన్నాను.

చురుకైన కుర్రాడొకణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. వాడు ఏ సంకోచమూ లేకుండా చెప్పాడు: “పైన రెండే ఉంది టీచర్. రెండులోంచి ఏడు పోదు కదా. అందుకని ఏడులోంచి రెండు తీసీసాను.”

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. వాడు అజాగ్రత్తగా రాయలేదు. చిన్నదాంట్లోంచి పెద్దది పోదని ఒకటో తరగతిలో మనమే చెప్పాం. ఆ మాట పట్టుకుని వాడు తనకు తానే ఒక నియమం కట్టుకున్నాడు, ప్రతి లెక్కలోనూ దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. ప్రపంచంలో ఎక్కడ తీసివేత నేర్పినా కొందరు పిల్లలు ఇదే దారి తొక్కుతారు. ఇంటూ పెడితే ఆ నియమం చెదరదు. అది ఎక్కడ పనికి రాదో వాడి కళ్ళకే కనబడాలి.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి, ఆ కుర్రాడి నానమ్మ నడిపే బడ్డీకొట్లో ఆమె బిస్కెట్లూ పెన్నూ కొంది. ఇరవై ఏడు రూపాయలైంది. యాభై నోటు ఇచ్చింది. కొట్లో ఉన్నది వీడే. “ఇదిగో మూడు, ముప్పై అయింది. ఇదిగో ఇరవై, యాభై అయింది” అంటూ ఇరవై మూడు రూపాయలు చేతిలో పెట్టాడు. పలక లేదు, బలపం లేదు, అప్పు తీసుకోవడం అసలే లేదు.

మర్నాడు పొద్దున్నే, బ్యాగు కూడా దించకుండా నాకీ సంగతి చెప్పింది. ఇది కొత్త విషయం కాదని నాకు తెలుసు. బ్రెజిల్‌లోని రెసీఫ్ నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద 1985లో ఒక పరిశోధన ప్రచురించారు. బేరం దగ్గర నూటికి 98 లెక్కలు సరిగా చేసిన పిల్లలు, అవే లెక్కలు కాయితం మీద అంకెల్లో ఇస్తే దాదాపు 37 మాత్రమే సరిగా చేశారు. మన దేశంలోనూ ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు కలిసి కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల్ని పరీక్షించారు. 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన కూడా అదే చెప్పింది: కొట్టులో లెక్క బడికి రావడం లేదు, బడిలో లెక్క కొట్టుకి వెళ్ళడం లేదు. కానీ ఇవన్నీ ఆ పూట నేను ఆమెకు చెప్పలేదు. తన కళ్ళతో తాను చూసిన సంగతి అది. మధ్యలో నా మాటలు అడ్డు రాకూడదనిపించింది.

ఆ రోజు పాఠ్యపథకం పక్కన పెట్టింది. బెంచీ మీద చింతపిక్కలు, ఖాళీ పెట్టెలు, కాయితం నోట్లు పెట్టి కొట్టు తెరిచింది. ఆ కుర్రాడు తన పద్ధతిలో 27 నుంచి మూడు ఎక్కి ముప్పైకి, అక్కణ్ణుంచి ఇరవై ఎక్కి యాభైకి, ఇంకో రెండు ఎక్కి యాభై రెండుకి చేరాడు. మూడూ ఇరవై రెండూ కలిపి ఇరవై ఐదు. “మరి మొన్న ముప్పై ఐదు వచ్చిందేం?” అని ఆమె అడిగింది. అడిగి ఆగింది. నేను వెనక కూర్చుని ఉన్నాను. ఈసారి మూడు సెకన్లు కాదు, చాలాసేపు ఆగింది. ఎవరూ మాట్లాడలేదు. ఆమె కంగారు పడలేదు.

ఆ తర్వాత చీపురు పుల్లలు బయటికొచ్చాయి. పదేసి పుల్లలు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు. ఏడు పుల్లలు ఇమ్మంటే విడివి చాలవు. ఒక కట్ట విప్పాలని పిల్లలే అన్నారు. విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు, నాలుగు కట్టల్లోంచి రెండు పోతే రెండు. ఇరవై ఐదే వచ్చింది. ముందు చేతిలో పుల్లలు, తర్వాత బొమ్మ, చివరికి అంకె అనే క్రమం డైట్‌లో అందరూ చదువుతారు, పరీక్షలో రాస్తారు. ఆమెకు ఆరోజు అది అవసరమై దొరికింది.

అక్కణ్ణుంచి ఆమె నన్నడిగే ప్రశ్నలు మారిపోయాయి. “బాగా చెప్పానా?” అనడం మానేసింది. “వాడు గుణింతాలన్నీ చదువుతున్నాడు గానీ ఒత్తుల దగ్గర ఆగిపోతున్నాడు, ఒకటో తరగతిలో ఏం జరిగుంటుంది మేడం?” అనేది. సోమవారాలు బడికి రాని ఒక పాప ఇంటికి నాతోపాటు వచ్చింది. అమ్మానాన్నలు పనికోసం చెన్నైలో ఉన్నారు, పాప తాతతో ఉంటోంది. ఇంట్లో చదివించేవాళ్ళు లేరని తెలిశాక, ఆ పాప ఇంటిపని బడి వదిలేలోగా బడిలోనే పూర్తయ్యేట్టు చూసింది.

ఒక కష్టం గురించి మాత్రం శిక్షణలో సరిగా చెప్పరని నా గట్టి అభిప్రాయం. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. అంటే ఐదు తరగతులకు ఇద్దరం. పాఠ్యపథకమేమో ఒక గది, ఒక తరగతి, ఒక టీచరు అన్నట్టు ఉంటుంది. మూడో తరగతికి తీసివేత చెబుతుంటే అదే గదిలో నాలుగో తరగతి వాళ్ళు కిటికీలోంచి రోడ్డు చూస్తుంటారు. ఈ అమ్మాయి నానా తంటాలూ పడి చివరికి ఒక దారి చేసుకుంది. ఆ గదిలో కూర్చునే మూడు తరగతులకూ ఒకే కథ, పని మాత్రం వేరువేరు: ఒకరు బొమ్మ గీసి పేర్లు రాస్తారు, ఒకరు ప్రశ్నలకు జవాబులు రాస్తారు, ఒకరు ముగింపు మార్చి రాస్తారు. డైట్‌లో దీనికి మరిన్ని గంటలు ఇవ్వాలి.

రికార్డులు తగ్గించాలి కూడా. పాఠ్యపథకాల రికార్డు, పరిశీలన రికార్డు, బోధనోపకరణాల రికార్డు, కేస్ స్టడీ, ప్రాజెక్టు. పిల్లల పలకలు చూడాల్సిన సాయంత్రాలు మార్జిన్లు గీయడానికి పోతున్నాయి. మెంటర్లకు కూడా కాస్త తీరిక ఇవ్వాలి. నాకున్న తరగతులు నాకుండగానే ఆమె పాఠం వెనక కూర్చోవాలి. ఆ కూర్చోవడాన్ని పనిగా లెక్కించే టైమ్‌టేబుల్ నేనెక్కడా చూడలేదు. 2030 నాటికి టీచరు కావాలంటే నాలుగేళ్ళ సమీకృత డిగ్రీ కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యావిధానం అంటోంది. డిగ్రీ పేరు ఏదైనా, అందులో బడిలో గడిపే వారాలు తగ్గకూడదు. ఆ వారాల్లో పక్కన ఒక అనుభవమున్న టీచరు నిజంగా కూర్చుని ఉండాలి.

చివరి వారాల్లో ఆమె రాసుకున్న పథకం నేను దాచుకున్నాను. రంగులు లేవు. ఒకటిన్నర పేజీ. కుడివైపు గీత గీసి, ‘పిల్లలు ఏమనొచ్చు’ అని ఒక గడి పెట్టుకుంది. 403లోంచి 158 తీసివేత. సున్నా దగ్గర ఏం జరుగుతుందో ముందే మూడు రకాలుగా ఊహించి రాసుకుంది. పాఠంలో రెండు అలాగే వచ్చాయి, మూడోది రాలేదు. ఆమె ఊహించని నాలుగో జవాబు ఒక పిల్ల చెప్పింది. పాఠం ఆపి, ఆ పిల్ల చేత నల్లబల్ల దగ్గర మళ్ళీ చేయించి చూసింది. మధ్యాహ్న భోజనం గంటలో ఆ జవాబు కూడా గడిలో రాసుకుంది.

ఆమె ఇప్పుడు టీచరు అర్హత పరీక్ష టెట్ అయిపోయి, నియామక పరీక్ష డీఎస్సీకి చదువుతోంది. ఈసారి కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు నేనొక మార్పు చేయబోతున్నాను. మొదటి వారం వాళ్ళకు పాఠం ఇవ్వను, వెనక బెంచీలో పరిశీలన రికార్డుతో కూర్చోబెట్టను. ఒక్కొక్కరికీ ఒక్కో పిల్లాణ్ణి అప్పజెప్పి, పక్కన చాప మీద కూర్చుని వాడు రాసేది చూడమంటాను. రోజూ సాయంత్రం నేను అడిగేది ఒక్కటే: ఈరోజు వాడు ఏం తప్పు రాశాడు, అది వాడికి ఎలా వచ్చింది?